మన్రో: ఒక ఇంటిపేరు పుట్టుక, వ్యాప్తి

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• మన్రో అనే ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో, ఏయే మార్గాల్లో వ్యాపించిందో వివరించగలుగుతారు.
• ఒక పేరును చారిత్రక ఆధారంగా ఎంతవరకు వాడుకోవచ్చో చర్చించగలుగుతారు.

1. పరిచయం

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో ఓర్వకల్లు ఉంది. అక్కడి విమానాశ్రయానికి 2021లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఆ పేరులో ముందున్నది ఒక ఊరి పేరు. తెలుగువారి ఇంటిపేర్లలో చాలావరకు ఇలా ఊళ్ల నుంచి వచ్చినవే. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఇంగ్లీషువారికి చివర వస్తుంది. మన పెద్దలు దొరలను ఆ చివరి పేరుతోనే ఎరుగుదురు: మన్రో, బ్రౌన్, కాటన్. వీటిలో మన్రో అన్న ఇంటిపేరు రాయలసీమలో పిల్లలకు పెట్టే పేరుగా మారింది. అదెలా జరిగిందో, దాని నుంచి మనం ఏమి గ్రహించవచ్చో పరిశీలిద్దాం.

2. పుట్టుక

మనం వాడుకలో దీన్ని ఇంగ్లీషు పేరు అంటాం. నిజానికి ఇది స్కాట్లాండుకు చెందినది. ఆ దేశపు ఉత్తర భాగంలోని రాస్ ప్రాంతంలో, ఫౌలిస్ కోట కేంద్రంగా మన్రో వంశం స్థిరపడింది. తమ పూర్వికులు ఐర్లండులోని రో నది తీరం నుంచి వచ్చారనీ, ఆ నది పేరే తమ పేరులో నిలిచిందనీ ఆ వంశీయుల సంప్రదాయం చెబుతుంది. ఉయ్యాలవాడలో ఊరు ఉన్నట్లే, ఈ పేరులో ఒక నది ఉందన్నమాట.

3. వ్యాప్తి

ఈ పేరు మొదట వలసల ద్వారా వ్యాపించింది. 17వ శతాబ్దంలో అమెరికాకు వెళ్లిన ఒక స్కాట్ కుటుంబం నుంచి వచ్చినవాడే ఆ దేశపు 5వ అధ్యక్షుడు జేమ్స్ మన్రో. ఆయన గౌరవార్థం 1824లో ఆఫ్రికాలోని ఒక పట్టణానికి మన్రోవియా అని పేరు పెట్టారు. అది నేటి లైబీరియా రాజధాని. ఇక్కడ పేరు రక్తసంబంధం దాటి, గౌరవం ద్వారా వ్యాపించింది.

భారతదేశానికి ఈ పేరు కంపెనీ సైన్యంతో వచ్చింది. ఇక్కడ మీరు జాగ్రత్త వహించాలి. 1764లో బక్సర్ యుద్ధంలో కంపెనీ సేనాని హెక్టర్ మన్రో. కేరళలోని మన్రో తురుత్తుకు ఆ పేరు తిరువాన్కూరు రెసిడెంటు జాన్ మన్రో వల్ల వచ్చింది. రాయలసీమ ఎరిగిన మన్రో వేరు. ఆయన థామస్ మన్రో. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకడు కాడు.

4. దత్తమండలాలలో మన్రో

థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో జన్మించాడు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాడు. 1807 వరకు వాటికి ప్రిన్సిపల్ కలెక్టరు మన్రో. కర్నూలు నవాబు పాలన 1839 వరకు కొనసాగినందున ఓర్వకల్లు ప్రాంతం అప్పట్లో ఆయన అధికారం కిందికి రాలేదు. ఆయన పాలెగాళ్లను అణచాడు, భూములు కొలిపించాడు, రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ పద్ధతిని అమలు చేశాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. గుత్తిలో ఖననం చేసిన భౌతికకాయాన్ని 1831లో మద్రాసుకు తరలించారు. పత్తికొండలో ఆయన స్మృతిగా బావి తవ్వించి, తోపు పెంచారు. కరువు సీమలో నీరు, నీడలకు మించిన స్మారకం ఏముంటుంది?

కడప ప్రాంతంలో మగపిల్లలకు ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టేవారని ఇంగ్లీషు రచనల్లో నమోదై ఉంది. ఓబులప్ప, తిమ్మప్ప వంటి పేర్ల వరుసలోకి ఒక స్కాట్ ఇంటిపేరు చేరింది. మంత్రాలయంలోను, గండిలోను ఆయనను గురించిన మహిమల కథలు నేటికీ చెప్పుకుంటారు.

5. పేరును ఎలా చదవాలి?

ఈ పేరు చూసి కంపెనీ పాలన రైతుకు సుఖమిచ్చిందని నిర్ణయించవచ్చా? తొందరపడకండి. మన్రో నిర్ణయించిన శిస్తు భారమైనదే. 1807లో ఆయనే 25 శాతం తగ్గించాలని సిఫారసు చేశాడు. పైవారు ఒప్పుకోలేదు. తాను గవర్నరయ్యాకనే ఆ తగ్గింపు అమలైంది. కాబట్టి మన్రోలప్ప అన్న పేరు ఒక అధికారిపై ఉన్న అభిమానానికి సాక్ష్యం. శిస్తు న్యాయమైనదనడానికి మాత్రం అది సాక్ష్యం కాదు.

ఇంకొక సంగతి. మన్రో అణచిన పాలెగాళ్ల వంశాలలో ఆ జ్ఞాపకం వేరుగా ఉండక తప్పదు. పాలెగాళ్ల కుటుంబానికి చెందిన నరసింహారెడ్డి 1846లో కంపెనీపై తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. మన్రో చనిపోయి అప్పటికి ఇరవై ఏళ్లయినా నిండలేదు. ఈ ఇద్దరి పేర్లనూ ఒకే సీమ దాచుకుంది. ఒక పేరు ఉగ్గుపాలనాడే బిడ్డకు పెట్టినది, మరొకటి నిన్నమొన్న విమానాశ్రయానికి పెట్టినది. పేరు ఎవరు ప్రేమించారో చెబుతుంది. ఎవరు ప్రేమించలేదో చెప్పదు. ఆ రెండవ భాగాన్ని చరిత్ర విద్యార్థి ఇతర ఆధారాల నుంచి వెతికి తెలుసుకోవాలి.

6. సారాంశం

మన్రో అనే ఇంటిపేరు స్కాట్లాండులో ఒక వంశానిది. వలసల వల్ల, ఉద్యోగాల వల్ల, గౌరవం వల్ల అది ఖండాలు దాటింది. రాయలసీమలో అది వ్యక్తి పేరుగా మారింది. ఇటువంటి పేరు విలువైన ఆధారమే అయినా, ఒంటరిగా నిలబడే ఆధారం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మన్రో అనే ఇంటిపేరు వ్యాపించిన మార్గాలను ఉదాహరణలతో వివరించండి.
2. ‘మన్రోలప్ప’ అన్న పేరు దత్తమండలాల చరిత్రకు ఎంతవరకు ఆధారమవుతుంది?
3. మీ ఊరిలో పది ఇంటిపేర్లు సేకరించండి. వాటిలో ఊళ్ల నుంచి వచ్చినవి, వృత్తుల నుంచి వచ్చినవి ఏవో పెద్దలనడిగి రాయండి.