చెట్టుకు బొట్టు పెట్టే తుపాకీ

అడవిలో ఏ చెట్టు కొట్టాలి, ఏ చెట్టు ఉంచాలి అన్నది గొడ్డలి పట్టుకున్నవాడి ఇష్టం కాదు. ముందుగా ఒక ఉద్యోగి వచ్చి, చూసి, గుర్తు పెట్టి వెడతాడు. మన దేశంలో సుత్తితో ముద్ర వేయడం అలవాటు. అమెరికాలో రంగు వేస్తారు. రంగు డబ్బా పుచ్చుకుని, వాగులు దాటి, ముళ్ళపొదలు తప్పించుకుని, ఒక్కొక్క చెట్టు దగ్గరికీ వెళ్ళి బొట్టు పెట్టి రావడం ఎంత శ్రమో, శ్రావణమాసంలో పేరంటానికి గడప గడపా తిరిగి పిలిచి వచ్చిన మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

మిషిగన్ రాష్ట్రంలో నెల్సన్ అనే రంగుల కంపెనీ ఉంది. అడవుల వాళ్ళకి రంగులు అమ్ముకోవడం దాని వ్యాపారం. దూరం నుంచే బొట్టు పెట్టే ఉపాయం ఏదైనా ఉందా అని వాళ్ళు ఆలోచించారు. గాలి తుపాకులు చేసే క్రాస్‌మన్ కంపెనీ చేత 1960లలో ఒకటి చేయించారు. తరవాత, పిల్లల గాలి తుపాకులకి పేరుపడ్డ డైసీ కంపెనీ చేత ఇంకొకటి చేయించారు. దానికి నెల్‌స్పాట్ 007 అని నామకరణం చేశారు. చెట్లకే కాదు, మందలో ఫలానా ఆవు అని గుర్తు పెట్టుకోవడానికి పశువుల ఆసాములూ దాన్ని కొన్నారు.

తుపాకీ సరే, రంగుని గుండులా చేయడం ఎలా? నాకు ముచ్చటేసింది ఇక్కడే. పిల్లల ముక్కు మూసి మనం మింగించే చేపనూనె గుళికలు ఎరుగుదురు కదా! ఆ మెత్తని జెలటిన్ తొడుగులోనే నూనెకి బదులు రంగు నింపారు. మందుల గుళికలు చేసే షెరర్ కంపెనీ వాళ్ళదే ఆ పనితనం. అంటే మన మందుల డబ్బాలోని గుళికకీ, ఆ రంగు గుండుకీ పుట్టిల్లు ఒకటే.

ఇంతవరకూ ఇది పనిముట్టు. ఆట ఎలా అయిందంటే, అది మగవాళ్ళ పంతం! అడవిలో వదిలేస్తే పట్నం మనిషి నెగ్గుకొస్తాడా, పల్లెటూరి మనిషి నెగ్గుకొస్తాడా అని ఇద్దరు స్నేహితులకి వాదం వచ్చింది. ఒకాయన ఛార్లెస్ గెయిన్స్ అనే రచయిత, రెండో ఆయన హేస్ నోయెల్ అనే షేర్ల వ్యాపారి. వాదం తేలలేదు. వ్యవసాయ సామాన్ల కేటలాగులో ఈ తుపాకీ బొమ్మ కంటపడింది. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్‌లోని హెనికర్ అనే ఊళ్ళో పన్నెండు మంది తలా ఒక తుపాకీ పుచ్చుకుని అడవిలో దిగారు. రంగు పడ్డవాడు అవుట్. దాచిన జెండాలన్నీ ముందు పోగుచేసినవాడు నెగ్గినట్టు. నెగ్గింది ఎవరనుకున్నారు? రిచీ వైట్ అనే అడవి ఉద్యోగి. ఒక్క గుండైనా పేల్చకుండా, అలికిడి లేకుండా వెళ్ళి జెండాలన్నీ పట్టుకొచ్చేశాడట. చెట్లకి బొట్టు పెట్టే మనిషే నెగ్గాడన్నమాట!

ఆ సంగతి పత్రికల్లో పడేసరికి ఊరూరా ఆట మొదలైంది. పాపం, నెల్‌స్పాట్ ఆటకి పుట్టినది కాదు. ఒక గుండు పేలగానే మళ్ళీ లాగి సిద్ధం చేసుకోవాలి. లోపల వేలెడంత గ్యాసు సీసా, పన్నెండు గ్రాములది, ఇట్టే అయిపోయేది. రంగు నూనె రంగు కావడంతో టర్పెంటైన్ పెట్టి తుడిస్తే తప్ప పోయేది కాదు. (ఆ బట్టలు ఎవరు ఉతికారో చరిత్రలో ఎవరూ రాయలేదు లెండి.) నీళ్ళతో పోయే రంగు తరవాత వచ్చింది. ఆడేవాళ్ళు ఎవరి షెడ్డులో వాళ్ళు కూర్చుని, ఒకరు పంపు పిడి, ఇంకొకరు పెద్ద గ్యాసు సీసా బిగించుకుని దాన్ని మెరుగుపరిచారు. పాతది కొని బాగుచేసుకునే అలవాటు ఈ ఆటతోటే పుట్టింది.

ఇండియానాలోని టిప్‌మన్ కుటుంబం వారి కథ ఇంకో తమాషా. మర మిషన్‌గన్‌లకి సగం సైజు నమూనాలు, నిజంగా పేలేవి, చేసి అమ్మేవారు. 1986లో చట్టం మారి, కొత్త మిషన్‌గన్‌లు జనానికి అమ్మకూడదన్నారు. ఆ పనివాళ్ళే రంగు తుపాకులకి మళ్ళారు. 1998లో వారు తెచ్చిన మోడల్ 98 మొండిఘటం. ఇప్పటికీ పాత సామాన్లలో దొరుకుతూనే ఉంటుంది.

అలా దొరికినదే మా తమ్ముడి కొడుకు కొన్నాడు. ఇండియానాలో వాళ్ళింట్లో నేను నాలుగు నెలలున్నాను. వాడు దాన్ని వంటింటి బల్ల మీద విప్పి పెట్టుకుని కూర్చునేవాడు. మా మరదలు విసుక్కునేది. "తుపాకీ కాదత్తా, మార్కర్ అనాలి" అని నన్ను దిద్దేవాడు. గుర్తు పెట్టేది అని అర్థం. పుట్టుక మరిచిపోని పేరు!

స్క్రూలు తీస్తే ఒళ్ళు రెండు బద్దలుగా విడిపోతుంది. లోపల చూస్తే మనకి తెలియనిది తక్కువ. గ్యాసు కారకుండా ఆపేవి చిన్న రబ్బరు రింగులు, అచ్చం కుక్కరు గాస్కెట్టే. ఎండి పగిలితే గ్యాసు బుస్సుమంటుంది. కుట్టుమిషనుకి వేసినట్టు గ్యాసు వచ్చే దారిలో దాని నూనె నాలుగు చుక్కలు వేయాలి. దొరికిన నూనెల్లా పోస్తే రింగులు ఉబ్బుతాయి. పిల్లలేమో ముందు పొడుగాటి గొట్టం, మోటారుతో గుండ్లు తోసే డబ్బా కొంటామంటారు. "అర్ధరూపాయి రింగు మార్చరా ముందు" అన్నాను. నవ్వాడు కానీ, మార్చాడు. కారడం ఆగింది.

అయితే నా భయం వేరు. వేగం పెంచే స్క్రూ ఒకటి పక్కనే ఉంటుంది. ఆట మైదానాల్లో సెకనుకి 300 అడుగులు దాటనివ్వరు. ఎండెక్కితే సీసాలో ఒత్తిడి పెరిగి వేగమూ పెరుగుతుంది. అందుకని ఏ రోజుకారోజు యంత్రంతో కొలవాల్సిందే. కంటికి తగిలితే కన్ను పోతుంది. మొదట్లో వడ్రంగి పనికి వాడే కళ్ళజోళ్ళతో సరిపెట్టుకున్న ఆటలో, ముఖమంతా కప్పే ముసుగులు వచ్చాయంటే ఊరికే రాలేదు.

దానికన్నా మోసమైనది గ్యాసు సీసా. కారు టైరులో ముప్ఫై పౌన్ల గాలి ఉంటే, ఇందులో మామూలు రోజున 800 పైచిలుకు. సీసా మూతికి ఇత్తడి వాల్వు ఉంటుంది. చేతులు మారిన సీసాల్లో, ఎవరో విప్పి బిగించినప్పుడు అది వదులవుతుంది. సీసా తీస్తున్నామనుకుని తిప్పితే వాల్వు తుపాకీకే ఉండిపోయి, సీసా రాకెట్టులా ఎగిరిపోతుంది. ఇలా ఇద్దరు చనిపోయారని 2004లో అమెరికా ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంస్థ హెచ్చరించింది. ఒకరు పదిహేనేళ్ళ కుర్రాడు. రెండోది ముప్ఫయ్యేడేళ్ళ తల్లి. ఆ మాట చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఆ సంస్థవారే ఉపాయమూ చెప్పారు. రంగుతో గానీ గోళ్ళరంగుతో గానీ వాల్వు మీంచి సీసా మీదికి ఒకే గీత గీయమన్నారు. సీసా తిప్పుతున్నప్పుడు రెండు ముక్కలూ కలిసి తిరిగితే సరే. సీసా మీది గీత కదిలి, వాల్వు మీది గీత కదలకపోతే, అక్కడే చెయ్యి ఆపి, తెలిసినవాళ్ళకి చూపించాలి.

మా మరదలి ఎర్ర గోళ్ళరంగు సీసా ఆ రోజు నుంచి వాడి పనిముట్ల పెట్టెలోకి చేరింది. పాతది ఏది కొన్నా ముందు గీత, తరవాతే స్క్రూడ్రైవరు.