హైదరాబాద్ వినోద పార్కులు: స్థలం, నిర్వహణ, వాటాలు

నగరానికి ఉత్తరాన గల బహదూర్‌పల్లి, మేడ్చల్ వాసులు ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా చేరుకునే రావిర్యాల వండర్‌లా పార్కు 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. వి-గార్డ్ సంస్థ వ్యవస్థాపకులు శ్రీ కొచ్చౌసెఫ్ చిట్టిలపిల్లి 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరిట తొలి పార్కును, 2005లో బెంగళూరులో రెండవదానిని నెలకొల్పారు. 2014లో వండర్‌లా సంస్థ వాటాలు స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదు కావడంతో యాజమాన్యంలో సామాన్య మదుపరులకు కూడా భాగం లభించింది.

హుస్సేన్‌సాగర్ పరిసరాలలోని స్నోవరల్డ్ (2004), జలవిహార్ (2007) ఇందుకు భిన్నమైనవి. ఇవి ప్రభుత్వ స్థలాలలో ప్రైవేటు సంస్థలు లీజుపై నెలకొల్పినవి. ఇటువంటి చోట నిర్వాహకులు మారినప్పటికీ భూమిపై హక్కు ప్రభుత్వానిదే. కావున “యాజమాన్యం మారినది” అని పేర్కొనునపుడు మారినది భూమి హక్కా, లీజా, వాటాలా అన్నది స్పష్టపరచడం అవసరం.