సర్కారు వద్దన్న ఆటబడి

సెయింట్ లూయిస్ నగరానికి దక్షిణపు కొసన, మిసిసిపీ నది దాపున, కారొండలెట్ అనే పాతపేట ఉంది. అక్కడ డె పేర్ స్కూలు అనే పాత బడి భవనం ఇప్పటికీ నిలిచి ఉంది. అమెరికాలో ప్రభుత్వ బడిలో మొదలై నిలదొక్కుకున్న తొలి కిండర్‌గార్టెన్ 1873లో ఇక్కడే పుట్టింది. మన దగ్గర ఎల్‌కేజీ, యూకేజీ అనే మాటలు వినపడని వీధి లేదు. ఆ చదువును మొదట ఎవరు తలపెట్టారో, అమెరికాకు ఎవరు మోసుకొచ్చారో మనకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ వ్యాసం.

నేను ఇదే నగరంలో ఒక కిండర్‌గార్టెన్ తరగతిలో సహాయ టీచరుగా పనిచేస్తున్నాను. అక్టోబరు వచ్చిందంటే మా గదిలో గుమ్మడికాయదే రాజ్యం. నాలుగైదు కాయలు నేల మీద పెడతాం. పిల్లలు కాయ చుట్టుకొలత ఎంత ఉంటుందో కంటితోనే అంచనా వేసి దారం తెంపుకుంటారు. తర్వాత ఆ దారం కాయకు చుట్టి చూస్తారు. ఒకరిది చాలదు, ఒకరిది రెండు చుట్లు వస్తుంది. మర్నాడు తొట్టి నిండా నీళ్లు పోసి, కాయ మునుగుతుందా తేలుతుందా అని అడుగుతాం. అంత బరువైన కాయ మునుగుతుందనే అందరూ అంటారు. అది తేలుతుంది. ఆ క్షణంలో గదిలో లేచే గోల వినాలి! ఎందుకు తేలిందని వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. కాయ కోసి చూస్తే లోపల సగం బోలు. మూడో రోజు గింజలు తీసి, కడిగి, పదేసి చొప్పున కుప్పలు పెడతారు. పది పదులు వంద అన్న సంగతి ఆ జిగట చేతులకు ఎక్కినంత బాగా ఎక్కాల పుస్తకంతో ఎక్కదు.

మా తరగతికి వచ్చే తెలుగు తల్లిదండ్రుల్లో కొందరు కాస్త మొహమాటపడుతూనే అడుగుతారు: "ఆటలు బాగున్నాయండీ, మరి చదువు ఎప్పుడు మొదలుపెడతారు?" ఆ ప్రశ్నకు నూట డెబ్బై ఏళ్లకు పైబడిన వయసుంది. ఒక దేశంలో ఆటబడి మీద అనుమానం ముదిరి నిషేధం దాకా వెళ్లింది.

ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్ 1782లో జర్మనీలోని తురింగియా కొండసీమలో ఒక పాస్టరు ఇంట పుట్టాడు. ఏడాది నిండకుండానే తల్లి పోయింది. పెద్దయ్యాక కొన్నాళ్లు అడవుల పని నేర్చుకున్నాడు. స్విట్జర్లాండులో విద్యావేత్త పెస్టలోజీ బడి చూశాడు. బెర్లిన్‌లో ఖనిజాల మ్యూజియంలో పనిచేస్తూ స్ఫటికాలను వర్గీకరించాడు. రాయి కూడా లోపలి నుంచి ఒక క్రమంలో పెరుగుతుందన్న నమ్మకం ఆయనకు అక్కడే కలిగింది. 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో పసిపిల్లల కోసం ఆటపనుల సంస్థ తెరిచాడు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు.

ఆయన పిల్లల చేతికిచ్చిన సామాను గురించి కాస్త వివరంగా చెప్పాలి. వాటిని ఆయన కానుకలు అన్నాడు. మొదటి కానుక ఆరు రంగుల ఊలు బంతులు. రెండోది చెక్కతో చేసిన బంతి, ఘనం, స్తూపం. మూడోది ఎనిమిది చిన్న ఘనాలుగా కోసిన ఒక ఘనం, చిన్న పెట్టెలో. పిల్లవాడు పెట్టె బోర్లించి ఘనాన్ని ముక్కలు కాకుండా బయటికి తీస్తాడు. విడదీస్తాడు, కడతాడు, ఆట అయ్యాక మళ్లీ మొత్తంగా చేసి పెట్టెలో పెడతాడు. ఆ ఎనిమిది ముక్కలతోనే మూడు రకాల పనులు. కుర్చీ, మెట్లు, వంతెన కడితే చుట్టూ ఉన్న లోకం తెలుస్తుంది. సగం, పావు, పావులో సగం చేసి చూస్తే లెక్క తెలుస్తుంది. మధ్య నుంచి నాలుగు వైపులా సమంగా జరుపుతూ పోతే మన వాకిట్లో చుక్కల ముగ్గులా అందం విచ్చుకుంటుంది. వీటికి తోడు కాగితం మడవడం, అల్లడం, కుట్టడం, మట్టి బొమ్మలు చేయడం, నానబెట్టిన బఠాణీలకు పుల్లలు గుచ్చి ఇళ్లు కట్టడం. బయట తోటలో ప్రతి బిడ్డకూ సొంత మడి, అందరికీ కలిపి ఉమ్మడి మడి. విత్తింది తానే, నీళ్లు పోసేది తానే.

ఇంత సాధువైన పని ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు ప్రభుత్వానికి ప్రమాదంగా కనిపించింది. 1848లో జర్మన్ రాజ్యాల్లో ప్రజాస్వామ్యం కోసం లేచిన తిరుగుబాటు ఓడిపోయింది. ఆ తర్వాత పాలకులకు ప్రతి కొత్త ఆలోచనా అనుమానమే. 1851 ఆగస్టులో విద్యామంత్రి కార్ల్ ఫాన్ రౌమర్ కిండర్‌గార్టెన్లను నిషేధించాడు. అవి పిల్లలకు నాస్తికత్వం, సోషలిజం నూరిపోస్తున్నాయని ఆరోపణ. ఫ్రోబెల్ అన్న కొడుకు కార్ల్ ఫ్రోబెల్ రాసిన పుస్తకాన్ని చూసి, ఇద్దరినీ ఒకరిగా పొరబడ్డారు. అది పొరపాటని పెద్దాయన మొరపెట్టుకున్నా ఉత్తర్వు కదలలేదు. 1852 జూన్‌లో ఆయన కన్నుమూశాడు. నిషేధం ఎత్తేసింది 1860లో.

ఓడిపోయిన తిరుగుబాటుదారులు వేలమంది ఓడలెక్కి అమెరికా వచ్చారు. కిండర్‌గార్టెన్ వాళ్లతో వచ్చింది. మార్గరెటె షుర్జ్ హాంబర్గ్‌లో పదహారేళ్ల పిల్లగా ఫ్రోబెల్ ప్రసంగాలు విన్నది. ఆమె భర్త కార్ల్ షుర్జ్ తిరుగుబాటులో పోరాడి తప్పించుకున్నవాడు, తర్వాత ఇదే మా మిస్సోరీ రాష్ట్రం నుంచి సెనేటర్ అయ్యాడు. 1856లో విస్కాన్సిన్ రాష్ట్రం వాటర్‌టౌన్‌లో ఆమె తన కూతుర్నీ బంధువుల పిల్లల్నీ కూర్చోబెట్టుకుని జర్మన్ భాషలో ఆటబడి మొదలుపెట్టింది. ఆ చిన్న ఇల్లు ఇప్పటికీ భద్రంగా ఉంది. పరాయి నేల మీద తమ భాష పిల్లలకు అందించాలని ఒక తల్లి పడ్డ తాపత్రయం అది. ఆదివారాల్లో ఇక్కడ తెలుగుబడి నడిపే మనవాళ్లకు ఆ ఇల్లు తప్పక చూడమని చెబుతాను.

1859లో బోస్టన్‌లో ఎలిజబెత్ పీబాడీ అనే విద్యావేత్త మార్గరెటెను కలిసింది. మరుసటి ఏడే ఇంగ్లీషులో కిండర్‌గార్టెన్ తెరిచింది. తర్వాత యూరప్ వెళ్లి ఆ పద్ధతి క్షుణ్ణంగా నేర్చుకుని వచ్చి, ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చింది. ఆమె మాటలు విన్న మిల్టన్ బ్రాడ్లీ అనే బోర్డు ఆటల తయారీదారు ఫ్రోబెల్ కానుకలను తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఆ కానుకలు చూసి ఒక తల్లి కొడుక్కు కొనిచ్చింది. ఆ కొడుకు ఫ్రాంక్ లాయిడ్ రైట్. అమెరికా చూసిన మహా వాస్తుశిల్పుల్లో ఒకడు. ఆ చెక్క దిమ్మల స్పర్శ ముసలితనంలో కూడా తన వేళ్లలోనే ఉందని ఆయన చెప్పుకున్నాడు.

ఇక మా కారొండలెట్ సంగతి. సూసన్ బ్లో ధనికుల బిడ్డ. జర్మనీ పర్యటనలో ఆటబడులు చూసి వచ్చింది. న్యూయార్క్‌లో మరియా క్రౌస్ బోల్టె దగ్గర శిక్షణ తీసుకుంది. జీతం తీసుకోకుండా డె పేర్ స్కూల్లో తరగతి నడిపింది. నగర విద్యాధికారి విలియం టోరీ హారిస్ ఆమెకు అండగా నిలిచాడు. నదీతీరపు కార్మికుల పిల్లలు పదేళ్లకే బడి మాని పనుల్లోకి పోతున్నారు, వాళ్లకు బడి ముందుగానే మొదలుకావాలన్నది ఆయన వాదన. పదేళ్లు తిరిగేసరికి ఆటబడి నగరమంతటా పాకింది.

ఇక్కడే ఇంకో చరిత్ర కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. సూసన్ తాత పీటర్ బ్లో బానిసలను ఉంచుకున్నవాడు. తన స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కి, 1857లో సుప్రీంకోర్టులో ఓడిపోయిన డ్రెడ్ స్కాట్ ఒకప్పుడు ఆ కుటుంబపు బానిసే. తీర్పు తర్వాత ఆయనకు విముక్తినిచ్చినదీ ఆ కుటుంబంలోని తరువాతి తరమే. అయినా 1875 నాటి మిస్సోరీ రాజ్యాంగం నల్లజాతి పిల్లలకు వేరే బళ్లు ఉండాలని రాసుకుంది. ఆ పిల్లల కోసం చాలాచోట్ల వాళ్ల తల్లులే పూనుకోవలసి వచ్చింది. 1905లో అట్లాంటాలో నల్లజాతి మహిళలు గేట్ సిటీ ఉచిత కిండర్‌గార్టెన్ సంఘం పెట్టుకుని, పనికి పోయే అమ్మల పిల్లలను చేరదీశారు. ఈ దేశపు ఆటబడి కథలో నేను తల వంచి నమస్కరించేది ముందు వాళ్లకే.

ఆటబడికి లోపలి శత్రువు కూడా ఉంటుంది. సూసన్ బ్లో ఫ్రోబెల్ చెప్పిన క్రమాన్ని వేదవాక్కుగా పట్టుకుంది. ఏ కానుక తర్వాత ఏది, ఏ దిమ్మ ఎటు జరపాలి, అన్నీ టీచరు చెబితే పిల్లలు చేయాలి. లూయీవిల్‌కు చెందిన ప్యాటీ స్మిత్ హిల్ దీన్ని ఒప్పుకోలేదు. కట్టిన ఇంట్లోకి పిల్లలు దూరి ఆడుకునేంత పెద్ద దిమ్మలు చేయించి, ఏం కట్టాలో వాళ్లకే వదిలేసింది. న్యూయార్క్ టీచర్స్ కాలేజీలో ఇద్దరూ కలిసి ఒకే ఉపన్యాస పరంపరలో ఎదురెదురు వాదనలు వినిపించారు. చివరికి నెగ్గింది హిల్ పక్షమే. మనం ప్రతి పుట్టినరోజుకూ పాడే పాట బాణీ కూడా ఆమె, అక్క మిల్‌డ్రెడ్ కలిసి కిండర్‌గార్టెన్ పిల్లల కోసం 1893లో అచ్చువేసిన పాటదే.

మా గుమ్మడికాయలా ఒక అంశం పట్టుకుని దాని చుట్టూ అన్ని పాఠాలూ అల్లడం అన్న పద్ధతికి బలం ఇచ్చినవాడు జాన్ డ్యూయీ. 1896లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆయన ప్రయోగ పాఠశాల తెరిచాడు. అక్కడ పిల్లలకు ముడి ఉన్ని, గింజ తీయని పత్తి ఇచ్చారు. ఒక జట్టు పిల్లలు అరగంట సేపు వేళ్లతో గింజలు ఒలిస్తే ఔన్సు దూది కూడా రాలేదు. ఒకప్పుడు జనం నూలు బట్టల కంటే ఉన్ని బట్టలే ఎందుకు ఎక్కువ కట్టారో పిల్లలకు ఆ వేళ్ల నొప్పితోనే అర్థమైంది. గుంటూరు, ఆదిలాబాద్ పత్తిచేల పిల్లలకు ఈ పాఠం పెట్టడానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఇప్పటి అమెరికాలో ఈ బడి మళ్లీ ఇరుకున పడింది. వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కిండర్‌గార్టెన్‌లోనే పిల్లలు చదవడం నేర్చుకోవాలన్న టీచర్లు 1998లో 31 శాతం, 2010లో 80 శాతం. పరీక్షల ఒత్తిడి పై తరగతుల నుంచి కిందికి కారింది. రెండో వైపు, అంగట్లో కొన్న గుమ్మడికాయ కాగితపు బొమ్మలు. అందరూ ఒకే గీత మీద కత్తిరించి, ఒకే చోట కళ్లు అంటిస్తే గోడ నిండా ఇరవై ఒకేలాంటి కాయలు. చూడటానికి చేతిపనే. అందులో బిడ్డ ఆలోచన ఒక్కటీ లేదు. అది సూసన్ బ్లో చేసిన పొరపాటే, రంగు మార్చుకుని వచ్చింది.

మనకూ ఈ దారి కొత్తది కాదు. ఇటలీ విద్యావేత్త మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. 1975 అక్టోబరు 2 నుంచి అంగన్‌వాడీలు నడుస్తున్నాయి. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటతోనే చదువు సాగాలని రాసింది. 2023 ఫిబ్రవరిలో కేంద్రం ఆ వయసు పిల్లల కోసం ఆటవస్తువుల పెట్టె జాదూయీ పిటారా విడుదల చేసింది. విధానం మన పక్షాన ఉంది. నిలబడాల్సింది తల్లిదండ్రులే.

వచ్చే జూన్‌లో మీ పిల్లల్ని బడిలో వేయడానికి వెళ్లినప్పుడు ఫీజు కన్నా ముందు రెండు విషయాలు అడగండి. పిల్లల చేతికి అందే అరల్లో ఏమేం సామాన్లున్నాయి? పోయిన వారం పిల్లలు చేసిన పనులన్నీ ఒకేలా ఉన్నాయా, వేరువేరుగా ఉన్నాయా? మీ ఊరి అంగన్‌వాడీకి చింతగింజలు, గవ్వలు, కొబ్బరి చిప్పలు, వడ్రంగి దగ్గర మిగిలిన చెక్కముక్కలు నున్నగా రుద్దించి ఇవ్వండి. మొక్కలు పెట్టుకోవడానికి పిల్లలకు ఒక్కో మడి చూపించండి. నాలుగేళ్ల బిడ్డ చేతికి పెన్సిలిచ్చి పేజీలు నింపించే ముందు, ఆ చేతిని మట్టిలో పెట్టనివ్వండి.