ఏసయ్య మా పేటకొచ్చిన దారి

"మా క్లాసులో ఊరి పిల్లలు ఏసయ్యని ఎందుకు నమ్మరు నాన్నా?" అంది మా అమ్మాయి. చరిత్రే చెప్పాను. మన తాతల్ని ఊరిగుడి గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. 1859లో బెజవాడ దగ్గరి రాఘవాపురం మాల, పగోలు వెంకయ్య, డార్లింగ్ దొర చేత బాప్తిస్మం పొందాడు. ఆ వెనక మాలమాదిగ పల్లెలు కదిలాయి. ఊరివాళ్లకి గుడి తెరిచేవుంది, వేరే దేవుణ్ణి వెతుక్కునే పని పడలేదు. నీకు మనింట్లో ప్రార్థన వచ్చినట్టే వాళ్లకి వాళ్లింట్లో పూజ వచ్చింది. అందులో వాళ్ల తప్పూ లేదు, నీ గొప్పా లేదు.

ఇంకోటి చెప్పడం కష్టం. ఆదివారం దాని పక్కన కూచుని పాడే పిల్ల బడి రిజిస్టర్లో హిందువు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, మమ్మల్ని చేర్చలేదు. అంటరానితనం మాత్రం మతం అడగదు. మా బళ్లో ఆ గడి నింపేది నేనే. తల్లిదండ్రులు చెప్పిందే రాస్తాను.