ఇండ్ల దళారి గీచిన పటము

మన యూళ్ళలో ఇల్లు కొనదలచిన గృహస్థు మొదట కలిసికొనునది ఇంజనీరును కాదు, వకీలును కాదు; దళారిని. ఏ వీధిలో ఏ యిల్లు అమ్మకమునకు వచ్చినది, అమ్మువానికి తొందర యెంత, ప్రక్కయింటివా రెట్టివారు, నిరుడు అచ్చట గజము ఎంతకు పోయినది - ఇవన్నియు ఆతని నోట నుండును. ఆతడు చెప్పిన ధరను గూర్చి మనము గట్టిగా బేరమాడుదుము. ఆ వీధిని గూర్చి ఆతడు చెప్పిన మాటను మాత్రము సామాన్యముగా సందేహింపము. అట్టి మాట ఒకటి సర్కారు దస్త్రములలోని కెక్కి, రంగు పూసికొని, లక్షలాది కుటుంబముల గతిని మార్చిన వృత్తాంతము కలదు. అది అమెరికా దేశమున, 1930 తరువాత కూలిన ఇండ్ల బేరము మరల లేచుచుండిన దినములలో జరిగినది. ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది ఆ సంగతియే.

ఆనాటి అమెరికాలో ఇంటి ఋణమనగా నేడు మన మెఱిగిన నెలవాయిదాల ఋణము కాదు. బ్యాంకు సామాన్యముగా ఇంటి వెలలో సగము మాత్రమే ఇచ్చెడిది. గడువు మూడేండ్లో, ఐదేండ్లో. అంతవఱకు వడ్డీ మాత్రము కట్టుచు, గడువు తీరిననాడు అసలంతయు ఒక్కమాఱుగా చెల్లింపవలెను. ఎవరు చెల్లింతురు? పాతపత్రము రద్దు చేసి క్రొత్తపత్రము వ్రాసికొనుటయే వాడుక. సగము చాలనివారు అదే యింటిపై రెండవ తనఖా వ్రాసి, హెచ్చువడ్డీకి మఱికొంత తెచ్చుకొనెడివారు. ధరలు పెరుగుచున్నంత కాలము ఈ యేర్పాటులోని లోపము ఎవరికిని కానరాలేదు. 1925 లో ఆ దేశమున 9 లక్షల 37 వేల క్రొత్తయిండ్లకు పునాదులు పడినవి. 1933 లో పడినవి 93 వేలు. పదింట ఒకవంతు!

బ్యాంకులే మూతపడుచుండగా పత్రములు తిరుగవ్రాయువా రెవరు? పని పోయినవాడు వడ్డీ కట్టలేడు; పని యున్నవాడు వడ్డీ కట్టియు, అసలు అడుగగా నిచ్చుకోలేడు. 1933 ప్రథమార్ధమున దినమునకు రమారమి వేయి యిండ్ల చొప్పున తనఖాదారుల వశమైనవి. ఆ యేడు ఏప్రిల్‌లో అయోవా రాష్ట్రమున లెమార్స్ అను ఊరిలో రైతులు న్యాయస్థానములో జొరబడి, తనఖా వేలములపై సంతకము చేయనని మాట యీయనందుకు న్యాయాధిపతినే వెలుపలికి ఈడ్చుకొనిపోయి, మెడకు ఉరిత్రాడు తగిలించిరి. ప్రాణము తీయలేదు గాని, దేశ మదరిపోయినది. అదే కాలమున మన కృష్ణా గోదావరీ డెల్టాలలో వడ్లధర పడిపోయి, షావుకారు పత్రముల క్రింద పొలములు పోవుచుండెను. చెన్నపురి రాజధానిలో రాజగోపాలాచారి మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణవిముక్తి చట్టము చేయుటకు 1938 వఱకు పట్టినది. అమెరికావారు తమ పట్టణగృహస్థుల విషయమున అంత ఆలస్యము చేయలేదు.

1933 జూన్ 13 న రూజ్వెల్టు ప్రభుత్వము 'హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్' అను సంస్థను స్థాపించెను. దాని పని చిత్రమైనది. అది గృహస్థు బాకీని బ్యాంకు వద్దనుండి తాను కొనును. బ్యాంకునకు రొక్కమునకు బదులు బాండ్లు ఇచ్చును. గృహస్థునకు 15 సంవత్సరముల గడువుతో, 5 వంతుల వడ్డీతో, అసలును వడ్డీని కలిపి నెలనెలా తీర్చునట్లు క్రొత్తపత్రము వ్రాయించును. రమారమి 19 లక్షల మంది దరఖాస్తు పెట్టిరి. 1936 వఱకు 10 లక్షలకు పైబడిన ఇండ్ల ఋణములు ఈ విధముగా మార్పు చెందినవి. అందులకైన వ్యయము 300 కోట్ల డాలర్లకు మించినది. పిదప వాయిదాలు కట్టలేకపోయినవారి ఇండ్లను సంస్థ తానే స్వాధీనము చేసికొన్న మాటయు నిజమే - అట్టివి రెండులక్షలకు దగ్గఱ. అయినను అయిదింట నాలుగు ఇండ్లు నిలిచినవి. 1951 లో లెక్కలు ముగించి మూసివేయునప్పటికి సంస్థకు కొలది లాభమే మిగిలినది. ప్రభుత్వపు ఉపకారము లాభముతో ముగియుట అరుదు గనుక ఈ మాట చెప్పుచున్నాము.

ఇక్కడ దళారి ప్రవేశించుచున్నాడు. పది లక్షల ఇండ్లకు వెల కట్టవలెను. బజారులో కొనువాడే లేనప్పుడు వెల యెట్లు తెలియును? సంస్థ ఒక ఉపాయము పన్నినది. ఆనాటి బజారుధర యొకటి. అట్టి స్థలము కొని అట్టి యిల్లు కట్టుటకగు ఖర్చులో తరుగుదల తీసివేయగా మిగిలినది రెండవది. గడచిన పదేండ్లలో ఆ యింటికి రాదగిన అద్దెనుబట్టి లెక్కించిన విలువ మూడవది. ఈ మూడింటిని సమముగా నెంచి వెల కట్టుట. కఱవునాటి ధరతో గృహస్థు నష్టపడకుండ, పెంపునాటి ధరతో సంస్థ మునుగకుండ చేసిన లెక్క యిది. మాకు చూడగా, ఆ సంస్థ చేసిన పనులన్నింటిలో మిక్కిలి తెలివైనది ఇదియే. కాని ఈ లెక్క వేయుటకు ఊరూర ధరలు, అద్దెలు నోటనున్న మనుష్యులు కావలెను. అట్టివారు బేరములు లేక ఖాళీగా కూర్చుండియుండిరి. 1934 నాటికి సంస్థ సిబ్బంది 20 వేలకు చేరినది. వారును, పనికి ఇంత యని రుసుము పుచ్చుకొనిన వెలకట్టువారును పెక్కురు స్థానిక దళారులే.

ఋణములిచ్చుట ఇంచుమించు ముగిసిన పిమ్మట, 1935 నుండి 1940 వఱకు, ఆ సంస్థ పెద్దపట్టణములను సర్వే చేయించినది. తాను పత్రములు పట్టుకొనియున్న ఇండ్ల భవిష్యత్తు ఎట్లుండునో తెలిసికొనుట ఉద్దేశము. రెండువందలకు పైగా పట్టణములకు పటములు తయారైనవి. ప్రతి పేటకును ఒక ఫారము. ఆ ఫారమును చూచినచో ఆనాటి దళారి ప్రక్కన కూర్చుండి మాటలాడుచున్నట్లే యుండును. ఇండ్లు కఱ్ఱవా ఇటుకవా, వయస్సెంత, మరమ్మతు లెట్లున్నవి, నివాసుల వృత్తి యేమి, ఆదాయమెంత. తరువాత ధరల గడులు: 1929 లో ఈ పేటలో ఇల్లెంతకు పోయెడిది, కఱవునాటి కెంతకు దిగినది, ఇప్పుడెంతకు లేచినది. 1929 ని నూఱుగా పట్టుకొని శాతములతో సహా వ్రాసిరి. అమ్మకములు చురుకుగా నున్నవా, అద్దెయిండ్లకు గిరాకి యున్నదా, ఇంటిఋణము దొరకుచున్నదా యనునవియు కలవు. కోలుకొనుచున్న బజారును గూర్చి ఇంత నిశితమైన చిత్రము మఱియొకటి మాకు తెలియదు. ఫారము చివర, ఈ వివరములు చెప్పినవారని ఆ యూరి దళారుల పేర్లు.

అదే ఫారములో వేఱు గడులును కలవు. విదేశములనుండి వచ్చిన కుటుంబములు నూటికెన్ని, ఏ జాతివారు. నల్లజాతివా రున్నారా, ఉన్నచో నూటికెందఱు. ఈ పేటలోనికి ఎవరి 'చొరబాటు' జరుగుచున్నది. ఇంటి దూలమునకు చెదపట్టినదా యని యడిగినంత సహజముగా ఈ ప్రశ్న యడిగిరి. సమాధానములనుబట్టి పేటకు రంగు పూసిరి. ఉత్తమమైన దానికి ఆకుపచ్చ, ఇంకను ఫరవాలేనిదానికి నీలము, క్షీణించుచున్నదానికి పసుపు, అపాయకరమైనదానికి ఎఱుపు. నల్లజాతివారు నివసించు పేటలు ఇంచుమించు అన్నియు ఎఱుపులోనికే పోయినవి. సెయింట్ లూయీ పట్టణము చెంత లింకన్ టెరెస్ అనుచోట ఇండ్లు కొంత క్రొత్తవి, కట్టుబడి మంచిది. అయినను అది ఎఱుపే. అచ్చటి నివాసులు నల్లజాతివారగుటయే దోషము.

దళారి కీ యూహ ఎచ్చటిది? 1924 లో ఆ దేశపు దళారుల జాతీయసంఘము తన నీతినియమావళిలో ఒక అధికరణము చేర్చెను. ఏ జాతివారు వచ్చినచో పేటలో ధరలు తగ్గునో అట్టివారిని ఆ పేటలో ప్రవేశపెట్టుటకు సభ్యుడు కారకుడు కారాదని దాని తాత్పర్యము. నీతి యను పేరుతోనే! షికాగోలో హోమర్ హాయిట్ అను నాతడు కొంతకాలము స్థలముల బేరము చేసి, పిదప ఆ నగరపు నూఱేండ్ల భూముల వెలలపై 1933 లో గొప్పగ్రంథము వెలువరించెను. పాండిత్యమునకు లోటులేని గ్రంథము. అందులోనే, ఏ జాతివారు వచ్చిన భూమివెల కెంత మేలో కీడో వరుసపెట్టిన పట్టిక కలదు. ఇంగ్లీషువారు, జర్మనులు, స్కాటులు, ఐరిషువారు పైన. దక్షిణ ఇటలీవారు, నల్లజాతివారు, మెక్సికనులు అడుగున. ఈ వరుస ఎచ్చటిదనగా, నగరపు పడమటి భాగమున వ్యాపారము చేయు ఒక దళారి చెప్పినది. హాయిట్ తరువాత ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్‌లో ముఖ్య ఆర్థికవేత్త యయ్యెను. వీధిలోని మాట గ్రంథములోనికి, గ్రంథములోనిది కార్యాలయములోనికి నడచిన త్రోవ యిది.

ఆ అడ్మినిస్ట్రేషన్ 1934 జూన్‌లో పుట్టినది. అది అప్పు ఇయ్యదు. అప్పు మునిగినచో నష్టము మేము భరింతుమని బ్యాంకునకు పూచీ యిచ్చును. ఆ పూచీ మీద బ్యాంకులు ఇంటి వెలలో నూటికి 80 వంతులు, 20 ఏండ్ల గడువుతో ఇయ్యసాగినవి. గోడలెత్తు పని మరల మొదలైనది. 1937 లో 3 లక్షల 36 వేల ఇండ్లు, 1941 లో 7 లక్షలకు పైగా ఆరంభమైనవి. కూలివానికి సొంతయిల్లు అందుబాటులోనికి వచ్చినమాట నిజము. దానిని తక్కువ చేయరాదు. కాని ఈ సంస్థ వెలకట్టువారికిచ్చిన నియమగ్రంథమే జాతుల కలయికను దోషముగా నెంచి, ఇతరజాతులకు ఇల్లమ్మరాదను షరతులను దస్తావేజులలో వ్రాయించుట మంచిదని సలహా చెప్పెను. 1941 లో డిట్రాయిట్ నగరమున తెల్లవారికొఱకు ఇండ్లు కట్టదలచిన ఒక కాంట్రాక్టరు, ప్రక్కన నల్లజాతివారి పేట యున్నందున పూచీ దొరకక, నడుమ ఆఱడుగుల ఎత్తున, సుమారు అరమైలు పొడవున గోడ కట్టించెను. అప్పుడు పూచీ దొరకినది. ఆ గోడ నేటికిని నిలిచియున్నది. కొంతమేర దానిపై ఊరివారు బొమ్మలు వేసిరి.

పటములు చాలకాలము భాండాగారములో పడియుండెను. చరిత్రకారుడు కెన్నెత్ జాక్సన్ వానిని వెలికి తెచ్చి, 1985 లో ప్రకటించిన గ్రంథమున ఆ సంస్థను దోషిగా నిలిపెను. పిమ్మటివారు కొందఱు ఇందుకు సవరణ చెప్పిరి. పటములు గీయుటకు ముందే ఋణములిచ్చుట ముగిసినది గదా, ఎఱుపు పూసిన పేటలలోను ఆ సంస్థ ఋణములిచ్చినది గదా యని వారి వాదము. అది న్యాయమైన వాదమే. అసలు దెబ్బ కొట్టినది పూచీ యిచ్చిన సంస్థ. పటములు ఆనాటి దళారుల మనస్సులో నున్నదానిని కాగితముపై చూపినవి. అయినను దళారి చెప్పినదంతయు కల్ల యని అనలేము. నల్లకుటుంబము వచ్చిన వీధిలో తెల్లవారు అమ్ముకొని పోయెడివారు, ధర పడెడిది. ఆతడు చూచినది చెప్పెను. చూచినది చెప్పుట వేఱు, చెప్పినది శాసనమగుట వేఱు. ఋణము దొరకని పేటలో మరమ్మతులు జరుగవు, కొనువాడు రాడు. పదేండ్ల తరువాత పోయి చూచిన, దళారి మాట నిజమైనట్లే యుండును.

ఋణము దొరకనివారికి ఇల్లక్కఱ లేకపోవునా? 1950 తరువాత షికాగోలో నల్లకుటుంబములు కొన్న ఇండ్లలో చాలభాగము కంట్రాక్టు మీద కొన్నవే. తెల్లవారిని భయపెట్టి చౌకగా కొన్నవారే ఎక్కువవెలకు వీరికి అమ్మెడివారు. చివరి వాయిదా తీరువఱకు హక్కు అమ్మినవానిదే. నడుమ ఒక వాయిదా తప్పినను అంతవఱకు కట్టినదంతయు పోయి, ఇల్లు ఖాళీ చేయవలెను. అదే యింటిని మఱియొకరికి మరల అమ్మెడివారు. లాన్‌డేల్ పేటవారు 1968 లో సంఘము పెట్టుకొని వాయిదాలు కట్టక పోరాడి, కొందఱు తమ పత్రములను మార్పించుకొనగలిగిరి. జాతిషరతులను న్యాయస్థానములు అమలుపఱుపరాదని సుప్రీముకోర్టు 1948 లోనే తీర్పు చెప్పినది. ఇండ్ల అమ్మకములలో జాతిభేదము నేరమని చట్టము 1968 ఏప్రిల్ 11 న వచ్చినది - మార్టిన్ లూథర్ కింగ్ హతుడైన ఏడుదినములకు. దళారుల జాతీయసంఘమువారు తమ పూర్వపు నియమములకు క్షమాపణ చెప్పినది 2020 నవంబరులో.

ఈ కథతో మన వారికిని పొత్తు కలదు. భారతీయులు పౌరసత్వచట్టము దృష్టిలో తెల్లవారు కారని 1923 లో భగత్‌సింగ్ థింద్ కేసులో ఆ సుప్రీముకోర్టు నిర్ణయించెను. పడమటి రాష్ట్రములలో ఆనాటి దస్తావేజులు పెక్కు ఆసియావాసులను గూడ పేరుపెట్టి నిషేధించినవి. నేడు ఆ రాష్ట్రములలో వేలాది తెలుగుకుటుంబములు సొంతయిండ్లలో నున్నవి. పాతయిల్లు కొన్నవారు కాగితముల కట్ట ఓపికగా చదివినచో, తాము ఆ యింట కాపురముండరాదను షరతు, చెల్లుబాటు లేకయే, ఇంకను కనబడుటకు వీలున్నది. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రములలో యజమాని దరఖాస్తు పెట్టినచో రిజిస్ట్రారు కార్యాలయమువారు దానిని సవరించిన పత్రము నమోదు చేయుదురు.