దేవదాసు మంచివాడేనా?

కిందటి చలికాలంలో ఒక శనివారం రాత్రి మా ఊళ్ళో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలవాళ్ళం ఒకచోట చేరి 1953 నాటి 'దేవదాసు' సినిమా చూశాం. బయట మంచు, లోపల మిరపకాయ బజ్జీలు. పెద్దవాళ్ళం పాటలతో గొంతు కలుపుతుంటే, కాలేజీలో చేరబోతున్న మా అమ్మాయి మాత్రం చివరిదాకా మాట్లాడకుండా చూసింది. ఇంటికి వస్తూ కారులో అడిగింది: "నాన్నా, ఇతను మంచివాడేనా? మీరందరూ ఎందుకు ఏడ్చారు?"

పొట్టకూటికి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాణ్ణి. అవునో కాదో తేల్చే ప్రశ్నలంటే నాకు ఇష్టం. ఈ ప్రశ్నకి మాత్రం ఇల్లు చేరేలోగా జవాబు దొరకలేదు. ఆ తరవాత కొన్ని నెలలు ఈ కథ పుట్టుపూర్వోత్తరాలు చదువుతూ కూర్చున్నాను. తేలిన సంగతులు నలుగురితో పంచుకుందామని ఈ వ్యాసం.

శరత్‌చంద్ర చటోపాధ్యాయ (1876-1938) ఈ నవలని ఇరవై ఐదేళ్ళ ప్రాయంలో, సుమారు 1900 ప్రాంతంలో రాశాడు. అచ్చయింది మాత్రం 1917లో. మధ్యలో ఆయన బతుకుతెరువు వెతుక్కుంటూ రంగూన్ వెళ్ళి, 1903 నుంచి 1916 దాకా బర్మాలో గుమాస్తాగిరీ చేశాడు. ఆ రోజుల్లో రంగూన్ రేవులోనూ బియ్యపు మిల్లుల్లోనూ మన కోస్తా జిల్లాల కూలీలు వేలమంది పనిచేసేవారు. అంటే మనకి ఇంత దగ్గరైన రచయిత కూడా కొంతకాలం మనలాగే ప్రవాసి. దేవదాసు రాతప్రతిని అచ్చు వెయ్యటానికి ఆయన చాలాకాలం ఇష్టపడలేదనీ, ఆ రచన అంటే సిగ్గుపడేవాడనీ మిత్రులకి రాసిన ఉత్తరాలవల్ల తెలుస్తుంది. దేశమంతా నెత్తిన పెట్టుకున్న కథని ముందుగా అనుమానించింది దాన్ని కన్న తండ్రే!

అనుమానించటానికి కారణాలు లేకపోలేదు. సినిమా పాటల మత్తు పక్కనపెట్టి నవల తెరిస్తే కనిపించే దేవదాసు ఎలాంటివాడు? చిన్నప్పుడే పార్వతిని కొడతాడు. వయసొచ్చిన పార్వతి పరువుని పణంగా పెట్టి అర్ధరాత్రి ఒంటరిగా అతని గదికి వచ్చి పెళ్ళి చేసుకోమని అడిగితే, తల్లిదండ్రుల మాట దాటలేక నీళ్ళు నములుతాడు. కలకత్తా పారిపోయి, నీమీద నాకెప్పుడూ అంతటి ప్రేమ లేదన్న ధోరణిలో ఉత్తరం రాస్తాడు. అది పోస్టులో పడ్డాక పశ్చాత్తాపపడి వెనక్కి వస్తాడు. ఈసారి పార్వతి ఆత్మాభిమానంతో కాదంటే, గాలం కర్రతో నుదుటిమీద కొట్టి నెత్తురు కళ్ళజూస్తాడు. ఆ మచ్చ ఆమెకి జన్మంతా ఉండిపోతుంది. తన కోసం వృత్తి మానుకున్న చంద్రముఖిని చాలాకాలం ఈసడిస్తూనే, ఆమె సేవలు మాత్రం అందుకుంటాడు. ఆస్తి తగలేస్తాడు. కాలేయం చెడేదాకా తాగుతాడు.

ఇంత పిరికివాడి కథలో ఏముంది? ఆ పిరికితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో శరత్ చూపించిన తీరు ఉంది. రెండు ఇళ్ళూ ఇరుగుపొరుగే, రెండూ బ్రాహ్మణ కుటుంబాలే. అయినా దేవదాసు తల్లిదండ్రులు సంబంధం వద్దన్నారు. పార్వతి వాళ్ళది ఆడపిల్లకి డబ్బు పుచ్చుకుని పెళ్ళిచేసే వంశమనీ, అందుకే తమకంటే తక్కువదనీ జమీందారు ఇంటివాళ్ళ అభ్యంతరం. ఈ మాట చదివినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. ఇది మన గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' కాదూ! 1892లో మొదటిసారి రంగస్థలం ఎక్కి, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా మారిన రూపంలో మళ్ళీ వచ్చిన ఆ నాటకం ఏ ఆచారాన్ని ఎండగట్టిందో, దాని నీడే బెంగాల్లో పార్వతి మీద పడింది. చివరికి ఆమెని కట్టుకున్నది ఎదిగిన పిల్లలున్న ఒక జమీందారు, రెండో పెళ్ళివాడు. గురజాడ నవ్వించాడు, శరత్ ఏడిపించాడు. జబ్బు ఒకటే.

మనకి శరత్‌ని సొంతం చేసినవాడు చక్రపాణి. క్షయ వ్యాధితో మదనపల్లె శానిటోరియంలో ఉన్నప్పుడు ఆయన బెంగాలీ నేర్చుకున్నాడు. ఆయన అనువాదాలు ఎంత సహజంగా ఉండేవంటే, శరత్‌బాబు తెలుగువాడే అనుకున్న పాఠకులు ఎందరో. సినిమాగా ఈ కథ 1928లో మూకీగా మొదలైంది. 1935లో న్యూ థియేటర్స్ వారి బెంగాలీ చిత్రానికి పి.సి.బారువా దర్శకుడూ, నాయకుడూ. ఆయనే తీసిన హిందీ చిత్రంలో సైగల్ దేవదాసు. ఆ హిందీ చిత్రానికి కెమెరా పట్టిన బిమల్ రాయ్ 1955లో దిలీప్ కుమార్‌తో మళ్ళీ తీశాడు. అంతకు రెండేళ్ళ ముందే వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వినోదా వారు తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. అక్కినేని, సావిత్రి, లలిత; సముద్రాల మాటలూ పాటలూ, ఘంటసాల గొంతు. సంగీతం కూర్చిన సి.ఆర్.సుబ్బురామన్ సినిమా విడుదల చూడకుండానే 1952లో, ముప్పై ఏళ్ళైనా నిండకుండా కన్నుమూశాడు.

'దేవదాసు' వచ్చింది 1953 జూన్‌లో. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది ఆ అక్టోబరులో. జమీందారీల రద్దు చట్టం 1948లోనే వచ్చింది, హిందూ వివాహ చట్టం 1955లో రాబోతోంది. పాత ఇళ్ళ గోడలు బీటలు వారుతున్న రోజులవి. తండ్రికి ఎదురు చెప్పలేని కొడుకుని తెరమీద చూసి ఏడ్చిన కుర్రవాళ్ళలో చాలామంది అంతకుముందో ఆ తరవాతో తమ ఇళ్ళలో అలాగే తలవంచినవాళ్ళు. వాళ్ళు ఏడ్చింది దేవదాసు మంచితనానికి కాదు, తమ పిరికితనానికేమో అనిపిస్తుంది నాకు.

అయితే జనం నోట్లో పడ్డాక ఆ పేరు మరొకటైపోయింది. గడ్డం, శాలువా, సీసా, పక్కన కుక్క - ఇంతే మిగిలింది. మా బాబాయి ఒకాయన తాగేవాడు. ఆయనకి పెళ్ళికి ముందు ఎవరో అమ్మాయంటే ఇష్టమని చెప్పుకునేవారు. ఊళ్ళో అందరూ ఆయన్ని 'దేవదాసు' అని ముద్దుగానే పిలిచేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నలభై ఐదో ఏట ఆయన పోయాడు. ఆ రోజు వసారాలో గోడకి ఆనుకుని కూర్చున్న మా పిన్నికి మాత్రం ఎవరూ ఏ కథలోంచీ పేరు పెట్టలేదు. ఆమె చెయ్యి విరిగినప్పుడు నూతి దగ్గర జారిపడిందన్నారు. మేమంతా నమ్మాం. నమ్మటం తేలిక కాబట్టి నమ్మాం.

ఇలాంటి కథల ప్రమాదం ఇక్కడే ఉంది. కానీ అది కథలో ఉన్న ప్రమాదం కాదు, మనం కథని సగమే గుర్తుపెట్టుకోవటంలో ఉన్నది. శరత్ ఆ మచ్చని దాచలేదు. పార్వతి గడప ముందు చెట్టు కింద దేవదాసు దిక్కులేని చావు చచ్చాడు. శవాన్ని ముట్టుకోవటానికి కూడా ఊళ్ళో పెద్దకులాలవాళ్ళు ముందుకు రాలేదు. ఒక్కసారైనా నీ ఇంటికొస్తానన్న మాట అలా తీరింది. చివరి పేజీలో రచయిత మనవైపు తిరిగి, ఇలాంటివాడు మీకెక్కడైనా తారసపడితే కాస్త జాలిపడమంటాడే తప్ప, అతను చేసింది ఒప్పని ఎక్కడా అనడు. జాలి వేరు, సమర్థన వేరు.

2017లో 'అర్జున్ రెడ్డి' వచ్చినప్పుడు ఇదే చర్చ మళ్ళీ చెలరేగింది. దేవదాసు పోలికలు అందులో స్పష్టంగానే ఉన్నాయి. నాకు కనిపించిన తేడా ఒక్కటే: అక్కడ నాయకుడి తప్పులకి చివర్లో ప్రియురాలు బహుమానంగా దొరుకుతుంది, ఇక్కడ దేవదాసుకి తన తప్పుల బిల్లు పైసాతో సహా చెల్లించక తప్పలేదు. విషాదాంతాన్ని మనం బలహీనత అనుకుంటాం. లెక్క చూస్తే అదే ఎక్కువ నిక్కచ్చి.

ఇంకో మాట. తిరిగి చదివినప్పుడు ఈ నవలలో ధైర్యవంతులు ఎవరో తెలిసింది. అర్ధరాత్రి గడప దాటి వచ్చిన పార్వతి, వృత్తి మానేసి పల్లెలో బతికి, మళ్ళీ కలకత్తా వీధుల్లో అతన్ని వెతికిన చంద్రముఖి. పుస్తకానికి అతని పేరు పెట్టారు గానీ నిర్ణయాలన్నీ వాళ్ళవే.

మొన్న మా అమ్మాయికి జవాబు చెప్పాను. "మంచివాడు కాదమ్మా. అయినా ఏడ్చాం. ఎందుకంటే మాలో ఎవరం అంతకంటే ధైర్యవంతులం కాము." అది కాసేపు ఆలోచించి, "మరి పార్వతి కోసం ఎవరు ఏడ్చారు?" అంది.

ఆదివారం మా పిన్నికి ఫోను చేశాను. ఆ చెయ్యి సంగతి ముప్పై ఏళ్ళ తరవాత మొదటిసారి అడిగాను. గంటసేపు మాట్లాడింది. నేను విన్నాను.