గాలి యంత్రములు - పొరుగింటి నిద్ర

పొరుగింటి కూలరు రాత్రియంతయు మ్రోగుచున్నదని యెవరైన మొఱపెట్టుకొన్నచో, "ఇది పట్టణవాసుల సుకుమారము, మన యూళ్లకు చప్పుడును గూర్చిన చట్టమెక్కడిది?" అని పెదవి విఱుచువారు పొదిలిలో గలరు. చదువుకొన్నవారి నోటను ఈ మాట వినుచున్నాము. చరిత్ర యిందుకు విరుద్ధముగా నున్నది. 1882వ సంవత్సరము జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చిన ఈజుమెంట్ల చట్టము మొదట చెన్నరాజధానికిని, మధ్యపరగణాలకును, కొడగునకును మాత్రమే వర్తించినది. బొంబాయివారికి అది 1891లో గాని సంక్రమింపలేదు. పొదిలి యప్పుడు చెన్నరాజధానిలోని నెల్లూరు జిల్లాలోనిది; ఒంగోలు జిల్లాలో జేరుట 1970 నాటి మాట. ఆ చట్టపు 7వ సెక్షనులో, సొత్తుతోడనే పుట్టు హక్కులకు ఉదాహరణములు చెప్పుచు, ఇతరులు చేయు చప్పుడుచేగాని అదురుచేగాని యింటి యజమానుని దేహసౌఖ్యమునకు యుక్తికి మించిన భంగము కలుగరాదని వ్రాసియున్నారు. అనగా బొంబాయి నగరమునకంటె తొమ్మిదేండ్లు ముందుగనే పొదిలి గృహస్థునకు ఈ హక్కు అక్షరరూపమున దక్కినది!

ఆ హక్కును వాడుకొను నవసరము మాత్రము చాలకాలము అంతగా రాలేదు. పాత యిండ్లలో గాలికి చప్పుడు లేదు. మండువా మీదుగా వేడిగాలి పైకి పోవును. గవాక్షముల గుండ చల్లగాలి దిగును. కలిగినవారు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లించుకొనెడివారు. తక్కినవారు ఆరుబయట నులకమంచము వాల్చుకొనెడివారు. దొరల బంగళాలలోను కచ్చేరీలలోను పంకా వచ్చినది. దాని త్రాడు గోడరంధ్రము గుండ వసారాలోనికి పోవును. అచ్చట కూలివాడొకడు కూర్చుండి లాగుచుండవలెను. లోపలివానికి గాలి, వెలుపలివానికి జాగరణము. విద్యుత్తు ఆ కూలివానిని విడిపించినది. అందుకు మేము సంతసింతుము. కాని యా జాగరణము మాసిపోలేదు. గోడ దాటి పొరుగింటికి జేరినది.

"మా యంత్రము మీరు రాకముందునుండియు నున్నది" అను వాదము నేడు తఱచుగా వినవచ్చును. 1879లో ఇంగ్లండు న్యాయస్థానమున ఇట్టి తగవే విచారణకు వచ్చెను. లండనులో మిఠాయిలు చేయు నొకడు ఇరువదియేండ్లకు పైగా రోళ్లలో సరకులు దంచుచుండెను. ప్రక్కనున్న వైద్యుడు తన పెరటి చివర ఆ గోడ నానుకొని రోగులను చూచు గది కట్టుకొని, ఆ చప్పుడుతో పని సాగదని దావా వేసెను. తీర్పు వైద్యునికే యనుకూలమైనది. చప్పుడు బాధగా పరిణమించిన నాటినుండియే గాని, అంతకుముందు గడచిన యేండ్లు లెక్కకు రావని న్యాయాధిపతులు నిర్ణయించిరి. స్టర్జెస్, బ్రిడ్జ్‌మన్ అను వారి యీ వ్యాజ్యమును న్యాయవిద్యార్థులు నేటికిని చదువుచున్నారు.

"యుక్తికి మించిన" చప్పుడన నెంత? దీనికి కొలత 2000 ఫిబ్రవరి 14న వెలువడిన శబ్దకాలుష్య నియమములలో నున్నది. నివాసప్రాంతమున ఉదయము 6 మొదలు రాత్రి 10 గంటల వఱకు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు మాత్రమే. ఇచ్చట కొనువారు పొరపడుచున్నారు. తయారీదశలో కూలరునకు 60 డెసిబెళ్ల వఱకును, ఒకటి మొదలు ఒకటిన్నర టన్నుల కిటికీ ఏసీకి 68 వఱకును ప్రభుత్వము వేఱుగా అనుమతించినది. అది యంత్రము చేయువానికి పెట్టిన హద్దేగాని, దానిని ఏ గోడకైనను బిగింపవచ్చునను అనుజ్ఞ గాదు. పది డెసిబెళ్లు పెరిగినచో శబ్దశక్తి పదిరెట్లగును. ఆరుబయట దూరము రెండింతలైనకొలది ఆఱేసి డెసిబెళ్లు తగ్గును. ఇరుకు సందులో రెండు గోడలును చప్పుడును తిరుగగొట్టుటచే ఆ తగ్గుదల యుండదు. సందువైపు కిటికీకి కూలరు పెట్టుట అందుచేతనే కీడు.

మఱియొక సంగతి. కూలరు గాలి లోనికి వచ్చుటకు ఎదుటి కిటికీ తెఱచియుండవలెను. అన్ని తలుపులును బిగించుకొని, ఉక్క పోయుచున్నదని వేగము పెంచువారే యెక్కువ! గవాక్షములు పెట్టిన మన పెద్దలకు తెలిసిన యీ సూత్రమును కూలరు కొన్నవారు మఱచిరి. వంగిన రెక్కలు, వదులైన రేకులు, ఎండిపోయిన బేరింగులు చప్పుడును ఇనుమడింపజేయును. ఏసీ వెలుపలి యూనిట్టు క్రింద రబ్బరు దిమ్మెలు వేసినచో గోడకు అదురు తగ్గును. రాత్రివేళ నివాసప్రాంతములలో చప్పుడు చేయు నిర్మాణపరికరములను వాడరాదని 2010లో నియమము చేర్చిరి గనుక, గోడకు రంధ్రములు పగలే వేయింపవలెను.

చప్పుడు కొలతకు పది డెసిబెళ్లు మించినప్పుడు జిల్లా కలెక్టరునకుగాని, డీయెస్పీకి తక్కువకాని పోలీసు అధికారికిగాని ఫిర్యాదు చేయవచ్చును. అనగా రాత్రి 45 మొదలు 55 వఱకు నడుమ నున్నదానికి ఈ దారి తెఱవబడదు. అశాంతి లేని జీవనము 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమని సుప్రీముకోర్టు 2005 జూలై 18న చెప్పియున్నది. ఐనను ఫిర్యాదు వ్రాయువా డెవడు? సందునకు ఆవల రేకుల యింటిలో అద్దెకున్నవాడు, కూలరు కొనలేక వాకిట మంచము వేసికొన్నవాడు, ఇంటిగలవానితో తగవు పెట్టుకొనునా? పరీక్షకు చదువు వాని కుమార్తె ఆ మంచము మీదనే పుస్తకము పెట్టుకొనును. కూలరును సందు కిటికీనుండి వీథి కిటికీకి మార్చుటకు నీటి గొట్టము నాలుగు గజములు పొడవైనది కొనవలసివచ్చును, అంతియే.